యాప్ తెల్లగా తెరుచుకుంటే ఫోన్ మార్చాలా? నా పాత టిప్ రెండు వెనక్కి తీసుకుంటున్నా

తక్కువ స్టోరేజ్ ఉన్న ఫోన్లని ఎలా వాడుకోవాలో చెబుతూ చాలా రోజుల కింద నేనొక ఆర్టికల్ రాశాను. అందులో నాలుగో టిప్: "క్రోమ్ వాడకపోతే డిసేబుల్ చేసేయండి, స్టోరేజ్ మిగులుతుంది." ఐదో టిప్: "ప్లే స్టోర్‌లో ఆటో అప్‌డేట్ ఆపేయండి, డేటా మిగులుతుంది." చాలామంది చదివారు, కొందరు థాంక్స్ కూడా చెప్పారు. ఆ రెండు టిప్పులూ కలిస్తే ఏమవుతుందో మొన్న మా పిన్ని ఫోన్‌లో చూశాను. అందుకే ఈ ఆర్టికల్.

మా పిన్నిది తెనాలి దగ్గర పల్లె. రెండు గేదెలున్నాయి. రోజూ రెండు పూటలా పాల కేంద్రంలో పాలు పోస్తుంది. ఏ పూట ఎన్ని లీటర్లు, వెన్న శాతం ఎంత, ఎంత డబ్బు పడుతుంది అన్నీ డెయిరీ వాళ్ల యాప్‌లో కనిపిస్తాయి. పది రోజులకోసారి బిల్లు. ఇదివరకు కాగితం చీటీ ఇచ్చేవాళ్లు, యాప్ వచ్చాక చీటీలు మానేశారు. ఆమె వాడేది 2018లో నేను రివ్యూ కోసం కొన్న ఫోన్. 2 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజ్, ఆండ్రాయిడ్ 8.1. పని అయ్యాక ఆమెకి ఇచ్చేశాను. ఇచ్చేటప్పుడు నా టిప్పులన్నీ నేనే దగ్గరుండి ఆ ఫోన్‌కి చేసి మరీ ఇచ్చాను.

ఈమధ్య ఆ యాప్ "కొత్త వెర్షన్ వేసుకోండి" అంది. పాల కేంద్రంలో కుర్రాడు అప్‌డేట్ నొక్కి ఇచ్చాడు. అప్పట్నుంచి యాప్ తెరిస్తే తెల్ల స్క్రీన్. లోగో ఒక్క క్షణం వస్తుంది, తర్వాత తెలుపు. ఎర్రర్ లేదు, మెసేజ్ లేదు. సెల్ షాపుకి తీసుకెళితే "దీని పని అయిపోయిందమ్మా, పాత ఆండ్రాయిడ్, కొత్తది తీసుకోండి" అన్నాడట. "ఒరేయ్, డ్వాక్రాలో పదివేలు అడిగా, ఏ ఫోన్ కొనాలో నువ్వు చెప్పు" అని ఫోన్ చేసింది. నాకు ఇలాంటి ఫోన్లు రోజూ వస్తుంటాయి కాబట్టి పదివేల లోపు మోడల్ ఒకటి చెప్పేసేవాణ్నే. కానీ ఆమె మాటల్లో మాటగా ఒక సంగతి చెప్పింది. పక్కింటావిడ దగ్గర కూడా అదే ఫోన్ ఉంది. అప్పట్లో నేను చెబితేనే కొన్నారు. ఆ ఫోన్‌లో యాప్ బాగానే వస్తోందట.

అదే మోడల్, అదే ఆండ్రాయిడ్ 8.1, అదే యాప్ వెర్షన్. ఒకదాంట్లో వస్తుంది, ఇంకోదాంట్లో రాదు. మరి "పాత ఆండ్రాయిడ్" అన్న మాట ఎక్కడ నిలబడుతుంది?

ఆదివారం వెళ్లి ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. డెవలపర్ ఆప్షన్స్‌లో "వెబ్‌వ్యూ ఇంప్లిమెంటేషన్" అని ఒక లైన్ ఉంటుంది. అది తెరిస్తే అసలు విషయం బయటపడింది. వెబ్‌వ్యూ వెర్షన్ 64. అంటే 2018 నాటిది, ఫోన్ పెట్టెలోంచి బయటికొచ్చినప్పటి సరుకు. పక్కింటావిడ ఫోన్‌లో అదే లైన్ చూస్తే క్రోమ్, వెర్షన్ 138.

అసలు ఈ వెబ్‌వ్యూ ఏంటి?

మన ఫోన్‌లో చాలా యాప్‌లు పైకి యాప్‌లాగే ఉంటాయి గానీ లోపల వెబ్‌పేజీలే. బటన్లు, మెనూలు, లిస్టులు అన్నీ హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్‌తో గీసినవే. వాటిని చూపించడానికి యాప్ లోపల ఒక బ్రౌజర్ ముక్క కావాలి. అదే ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ. దాని మీద అయోనిక్ లాంటి లైబ్రరీ పెట్టి బటన్లు, లిస్టులు కట్టుకుంటారు. ఒకసారి రాస్తే ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ రెండింటికీ సరిపోతుంది, ఖర్చు తక్కువ. అందుకే చిన్న డెయిరీలు, సొసైటీలు, స్కూళ్లు, లోకల్ షాపులు ఎక్కువగా ఈ దారిలోనే యాప్‌లు చేయించుకుంటాయి. అందులో తప్పేం లేదు.

చిక్కు ఏంటంటే, పైన ఉన్న లైబ్రరీ యాప్‌తో పాటు వస్తుంది. కింద ఉన్న వెబ్‌వ్యూ ఫోన్‌లో ఉంటుంది. రెండూ వేర్వేరు చేతుల్లోంచి, వేర్వేరు రోజుల్లో అప్‌డేట్ అవుతాయి. పెళ్లి వంటవాళ్లు పొయ్యిలు, గుండిగలు అన్నీ తమ వ్యాన్‌లోనే తెచ్చుకుంటారు కదా. ఈ యాప్‌లు అలా కాదు, వంటవాడు మాత్రమే వస్తాడు. పొయ్యి మీ ఇంట్లోది. వంటవాడు గ్యాస్ పొయ్యి ఉంటుందనుకుని వచ్చాడు, మీ ఇంట్లో ఇంకా కట్టెల పొయ్యే ఉంది. భోజనం మాత్రం రాదు.

సాంకేతికంగా ఇది ఎంత చిన్న విషయంతో జరుగుతుందో చెబితే నమ్మబుద్ధి కాదు. జావాస్క్రిప్ట్‌లో ప్రశ్నార్థకం, దాని పక్కనే చుక్క పెట్టే ఒక రాత ఉంది. "ఈ విలువ ఉంటే లోపలికి వెళ్లు, లేకపోతే ఊరుకో" అని దాని అర్థం. క్రోమ్‌కి ఇది వెర్షన్ 80 నుంచే తెలుసు. అంతకన్నా పాతదానికి ఈ రెండు గుర్తులు కలిసి కనిపిస్తే అర్థం కాదు. అర్థం కాని ఆ ఒక్క లైన్‌ని వదిలేసి ముందుకెళుతుందా అంటే, వెళ్లదు. వ్యాకరణ దోషం కాబట్టి ఫైల్ మొత్తాన్నీ పక్కన పడేస్తుంది. యాప్ అంతా ఆ ఒక్క ఫైల్‌లోనే ఉంటే మీకు మిగిలేది తెల్ల స్క్రీన్. రెండు అక్షరాలకి యాప్ మొత్తం పోతుంది.

ఇంకో రకం కూడా ఉంది. యాప్ తెరుచుకుంటుంది గానీ చిందరవందరగా ఉంటుంది. ఉదాహరణకి బటన్ల మధ్య ఖాళీ వదలడానికి "గ్యాప్" అనే స్టైల్ వాడతారు. ఫ్లెక్స్‌బాక్స్‌లో అది పనిచేసేది క్రోమ్ 84 నుంచి. అంతకన్నా పాత వెబ్‌వ్యూలో బటన్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. "సరే" నొక్కబోతే "రద్దు" మీద వేలు పడుతుంది. ఇలాంటి యాప్‌ని చూసి "డిజైన్ చెత్త, 1 స్టార్" అని నేనే ఎన్నిసార్లు రాసి ఉంటానో.

ఇక మా పిన్ని ఫోన్‌కి 64 ఎందుకు అంటుకుపోయిందో చెబుతాను, ఎందుకంటే అది నా నిర్వాకం.

గూగుల్ 2013లో ఆండ్రాయిడ్ 4.4తో వెబ్‌వ్యూని క్రోమియం మీదికి మార్చింది. 2014లో ఆండ్రాయిడ్ 5.0 నుంచి దాన్ని ప్లే స్టోర్ ద్వారా అప్‌డేట్ అయ్యేలా విడిగా పెట్టింది. అంతకుముందు ఫోన్ కంపెనీ అప్‌డేట్ ఇస్తేనే వెబ్‌వ్యూ మారేది, ఇవ్వకపోతే అంతే సంగతులు. ఇక్కడివరకూ మంచి మార్పే. తర్వాత ఆండ్రాయిడ్ 7, 8, 9లలో ఇంకో ఏర్పాటు చేశారు. క్రోమ్ ఉన్న ఫోన్లలో క్రోమే వెబ్‌వ్యూగా కూడా పనిచేస్తుంది. ఒకే సరుకు రెండుసార్లు ఎందుకని. మీరు క్రోమ్‌ని డిసేబుల్ చేస్తే సిస్టమ్ చప్పుడు చేయకుండా మూలన పడున్న విడి వెబ్‌వ్యూని లేపుతుంది. ఆటో అప్‌డేట్ ఆన్‌లో ఉంటే అది కూడా మెల్లగా కొత్తదవుతుంది. ఆఫ్‌లో ఉంటే? ఫ్యాక్టరీలో పెట్టిన వెర్షనే.

నాలుగో టిప్, ఐదో టిప్. రెండూ విడివిడిగా పెద్ద ప్రమాదం కాదు. కలిస్తే ఫోన్ లోపలి బ్రౌజర్ 2018లో గడ్డకట్టుకుపోతుంది. పక్కింటావిడ నా ఆర్టికల్ చదవలేదు, ఆమె ఫోన్ బాగానే ఉంది.

ఆండ్రాయిడ్ 10 నుంచి ఈ ఏర్పాటు మారింది. వెబ్‌వ్యూ మళ్లీ విడి ప్యాకేజీ అయ్యింది, క్రోమ్ డిసేబుల్ చేసినా దానికేం కాదు. కాబట్టి కొత్త ఫోన్ల వాళ్లు కంగారు పడొద్దు. కానీ ఇంట్లో పెద్దవాళ్ల చేతిలో ఉన్నవి కొత్త ఫోన్లు కావు కదా.

యాప్ చేసేవాళ్లని అడగాల్సిన మాట

నా తప్పు నేను ఒప్పుకున్నాను. ఇప్పుడు రెండో వైపు. యాప్ ఎందుకు నోరు విప్పదు?

అయోనిక్ వాళ్లు ఏ వెర్షన్‌కి ఏది కావాలో తమ డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగానే రాస్తారు. అయోనిక్ 7కి క్రోమియం 79 ఉండాలి, అయోనిక్ 8కి 89 ఉండాలి. ఇలాంటి పేజీలని ఫోన్ యాప్‌గా చుట్టిపెట్టడానికి కెపాసిటర్ అనే పనిముట్టు వాడతారు. కెపాసిటర్‌లో కనీస వెబ్‌వ్యూ వెర్షన్ ఎంత ఉండాలో చెప్పే సెట్టింగ్ ఉంది, అంతకన్నా తక్కువైతే చూపించడానికి ఒక పేజీ పెట్టుకునే సెట్టింగ్ కూడా ఉంది. డిఫాల్ట్ ఎంతో తెలుసా? 60.

ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. బటన్లు గీసే లైబ్రరీ 89 అడుగుతోంది. గేటు దగ్గర కాపలావాడు 60 ఉంటే చాలు లోపలికి పొమ్మంటున్నాడు. 64 ఉన్న ఫోన్ గేటు దాటి లోపలికెళ్లి తెల్లగా నిలబడిపోతుంది. ఆ 60ని 89కి మార్చడం ఒక్క లైన్ పని. "మీ ఫోన్‌లో వెబ్‌వ్యూ పాతది, ప్లే స్టోర్‌లో అప్‌డేట్ చేసుకోండి" అని తెలుగులో ఒక పేజీ రాయడం అరగంట పని. మా పిన్ని లాంటి వాళ్లకి పదివేల అప్పు తప్పించేది ఆ అరగంటే.

ప్లే స్టోర్ కూడా ఇక్కడ అడ్డుపడదు. యాప్ మీ ఫోన్‌కి సరిపోతుందా లేదా అని అది చూసేది ఆండ్రాయిడ్ వెర్షన్‌ని, హార్డ్‌వేర్‌ని. వెబ్‌వ్యూ ఏ నంబర్‌లో ఉందో అడగదు. అందుకే "ఇన్‌స్టాల్ అయ్యింది కాబట్టి పనిచేస్తుంది" అని మనం అనుకుంటాం. సెల్ షాపు కుర్రాడూ అలాగే అనుకున్నాడు. యాప్ ఎక్కింది, పనిచేయట్లేదు, మరి ఫోనే పాడై ఉండాలి. అతని దృష్టిలో అది సబబైన ముగింపే.

ఒక డెవలపర్ మిత్రుడితో ఈ మాటంటే విసుక్కున్నాడు. "2018 ఫోన్లన్నిటికీ సపోర్ట్ ఇస్తూ కూర్చుంటే పని అవ్వదు. టెస్ట్ చేయడానికి మనుషులెక్కడ? పాత బ్రౌజర్‌లో సెక్యూరిటీ కూడా ఉండదు." ఆ మాటలో న్యాయం ఉంది. నేనడుగుతున్నది సపోర్ట్ కాదు. పనిచేయకపోతే పనిచేయట్లేదని చెప్పమంటున్నాను. షాపు మూసేస్తే తలుపు మీద బోర్డు పెడతారు కదా, తలుపు తీసి లోపల ఎవరూ లేకుండా వదిలేయరు.

అన్నట్టు అప్‌డేట్ చేస్తే చాలు అంతా బాగుంటుందని కూడా అనుకోవద్దు. 2021 మార్చి 22, 23 తేదీలు గుర్తున్నాయా? ప్రపంచమంతా ఆండ్రాయిడ్ ఫోన్లలో జీమెయిల్‌తో సహా బోలెడు యాప్‌లు తెరవగానే మూసుకుపోయాయి. ఆ యాప్‌ల తప్పు ఏమీ లేదు, వాటి కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. కింద ఉన్న వెబ్‌వ్యూలో వచ్చిన లోపం అది. వెబ్‌వ్యూ అప్‌డేట్‌ని తీసేస్తే తాత్కాలికంగా పనిచేశాయి, తర్వాత గూగుల్ 89.0.4389.105 వెర్షన్ ఇచ్చి సరిచేసింది. ఆ రెండు రోజులూ జనం తిట్టింది మాత్రం యాప్‌లని, ఫోన్ కంపెనీలని. కనిపించని పొరకి తిట్లు తగలవు.

దీనికి పూర్తిగా వేరే దారి పట్టినవాళ్లూ ఉన్నారు. ఫ్లట్టర్‌తో చేసిన యాప్‌లు బటన్లు గీసే ఇంజిన్‌ని తమతోనే మోసుకొస్తాయి, వ్యాన్‌లో పొయ్యి తెచ్చుకునే వంటవాళ్లలాగా. ఫోన్‌లో వెబ్‌వ్యూ ఏదైనా వాటికి పట్టదు, అన్ని ఫోన్లలో ఒకేలా కనిపిస్తాయి. కానీ ప్రతి యాప్ తన పొయ్యి తనే తెస్తే 16 జీబీ ఫోన్‌లో చోటెక్కడిది? ఐఫోన్లో అయితే వెబ్‌కిట్ ఐఓఎస్‌తో కలిసే వస్తుంది, ఐఓఎస్ అప్‌డేట్ ఆగితే అదీ ఆగుతుంది. అక్కడ చిందరవందర తక్కువ, కానీ తలుపు మూసుకుంటే ఒకేసారి మూసుకుంటుంది. నన్నడిగితే పాత ఫోన్ల కోణంలో ఆండ్రాయిడ్ పద్ధతే మేలు. ఎనిమిదో తొమ్మిదో ఏళ్ల ఫోన్‌కి ఫోన్ కంపెనీ ఎప్పుడో చేతులెత్తేసినా లోపలి బ్రౌజర్ మాత్రం నిన్నమొన్నటి వరకూ కొత్తదనం అందుకుంది. ఆ సంగతి చెప్పేవాళ్లు లేకపోవడమే నా బాధ.

మీ ఇంట్లో పాత ఫోన్ ఉంటే

సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌లోకి వెళ్లి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో వెబ్‌వ్యూ ఇంప్లిమెంటేషన్ చూడండి. అంత గొడవ వద్దనుకుంటే ప్లే స్టోర్‌లో ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అని వెతికి అప్‌డేట్ బటన్ ఉందేమో చూడండి. ఆండ్రాయిడ్ 7, 8, 9 అయితే క్రోమ్ డిసేబుల్ అయి ఉందేమో చూసి ఎనేబుల్ చేసి, దాన్ని కూడా అప్‌డేట్ చేయండి. ఆటో అప్‌డేట్ ఆఫ్‌లోనే ఉంచుకోవాలనుకుంటే ఉంచుకోండి, కానీ ఈ రెండింటినీ నెలకోసారైనా చేత్తో అప్‌డేట్ చేయండి.

దీనికీ ఒక హద్దు ఉంది. ఆండ్రాయిడ్ 7కి క్రోమ్ 119తో ఆగిపోయింది. ఆండ్రాయిడ్ 8, 9లకి 138తో ఆగిపోయింది. 2025లో వచ్చిన 139 నుంచి ఆండ్రాయిడ్ 10 ఉండాల్సిందే. అంటే మా పిన్ని ఫోన్ 138 దగ్గరే ఉండిపోతుంది. ఈరోజు చాలా యాప్‌లకి అది పుష్కలంగా సరిపోతుంది. కొన్నేళ్ల తర్వాత ఏదో ఒక యాప్ 138కి తెలియని రాత రాస్తుంది, మళ్లీ తెల్ల స్క్రీన్. పైగా కొత్త సెక్యూరిటీ ప్యాచ్‌లు రావు కాబట్టి ఆ ఫోన్‌లో యూపీఐ పెట్టొద్దని చెప్పాను. పాల లెక్క చూసుకోవడానికి ఇబ్బంది లేదు.

మేం రివ్యూలు రాసేవాళ్లం కూడా ఒకటి మార్చుకోవాలి. "ఇన్నేళ్లు ఓఎస్ అప్‌డేట్, ఇన్నేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్" అని టేబుల్ వేసి వదిలేస్తాం. పదివేల లోపు ఫోన్ కొనేవాళ్లలో చాలామంది దాన్ని అప్‌డేట్లు ఆగిపోయాకే ఎక్కువ కాలం వాడతారు, తర్వాత ఇంట్లో ఇంకొకరికి ఇస్తారు. ఇకనుంచి పాత ఫోన్ల మీద నేను రాసే ప్రతి ఆర్టికల్‌లో ఆ ఫోన్‌కి వెబ్‌వ్యూ ఏ నంబర్ వరకూ వస్తుందో రాస్తాను. అలాగే ఏదైనా యాప్ తెల్లగా వస్తే ముందు అది చూశాకే స్టార్లు ఇస్తాను. ఆ పాత ఆర్టికల్‌లో నాలుగు, ఐదు టిప్పుల దగ్గర సవరణ రాసిపెట్టాను.

ఆదివారం ఏం జరిగిందో చెప్పలేదు కదూ. పిన్ని ఫోన్‌లో వాట్సాప్ వీడియోలు కొన్ని తీసేసి చోటు చేసి, క్రోమ్ ఎనేబుల్ చేసి, నా హాట్‌స్పాట్ మీద అప్‌డేట్ పెట్టాను. పాత ప్రాసెసర్ కాబట్టి ఇన్‌స్టాల్ అవడానికి కాసేపు పట్టింది. డెయిరీ యాప్ నొక్కితే లోగో వచ్చింది, తర్వాత లాగిన్ పేజీ వచ్చింది. పిన్ని ఫోన్ నా చేతిలోంచి లాక్కుని నేరుగా పది రోజుల లెక్కలోకి వెళ్లిపోయింది. వేలితో ఒక్కో పూటా లెక్కపెట్టుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది.

"గురువారం సాయంత్రం పాలు ఎక్కలేదు చూడు. మూడున్నర లీటర్లు పోశా ఆ పూట. అడిగితే యాప్‌లో చూసుకోమన్నాడు, యాప్ రాదాయె, ఎట్టా చూసుకునేది?"

స్క్రీన్‌షాట్ తీసి ఇచ్చాను. సాయంత్రం పాల వేళకి క్యాన్‌తో పాటు ఫోన్ కూడా పట్టుకుని కేంద్రానికి వెళ్లింది. వచ్చే బిల్లులో కలుపుతానన్నారట. డ్వాక్రా అప్పు వద్దని చెప్పేసింది.